ఒక కత్తి, ఇద్దరు వీరులు, మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడన్న కబురు తెచ్చింది వాళ్ళ పాలేరు. సైకిలు అరుగుకి ఆనించి, తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "మాస్టారూ, పెదబాబుగారు ఎల్లిపోయేరండి. రేత్రి బువ్వ తిని తొంగున్నారు, మరి లెగలేదు" అన్నాడు. చదువుతున్న పుస్తకం మూయడం మరిచిపోయి, దాన్ని అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

పెద్దకర్మ రోజున వాళ్ళింట్లో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. మా ఊరి రీడింగ్ రూము పెద్ద ఒకాయన చేయి కడుక్కుంటూ, "మనిషి మంచివాడే గానీ, ఆ వయసులో ఆ సినిమాల పిచ్చేమిటండీ! కత్తియుద్ధాలకి ఈలలు వేసేవాడట" అని నిట్టూర్చాడు. ఆయన ఆ పూట జుర్రుకున్న పరమాన్నంలో బెల్లం మా వియ్యంకుడి చెరుకు తోటలోదే. అక్కడ జవాబు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. చావింట్లో నోరు మూసుకున్నంతమాత్రాన మరిచిపోయే మనిషిని కాను నేను.

మా వియ్యంకుడికీ నాకూ మాటలు లేకుండా పోయింది మా అమ్మాయి పెళ్ళిలోనే. విడిదింట్లో మగపెళ్ళివారు గ్రామఫోను పెట్టారు. పొద్దుటినుంచీ ఒకటే సినిమా పాట. పురోహితుడి మంత్రం పురోహితుడికే వినబడడం లేదు. నేనే వెళ్ళి ముల్లు ఎత్తేశాను. ఆ పాటలో సాహిత్యం ఎంత హీనమో పదిమందిలో వివరించి మరీ వచ్చాను. ఆ పాట విషయంలో ఇవాళ్టికీ నాదే న్యాయం. మా వియ్యంకుడు తువ్వాలు ఒకసారి దులిపి భుజాన వేసుకున్నాడు, అంతే. కానీ ఆషాఢానికి కోడల్ని పంపలేదు. నేను అడగనూ లేదు.

అమ్మాయి నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. అందుకు తండ్రి స్వయంగా వెళ్ళి, వియ్యంకుణ్ణి నోరు తెరిచి అడిగి, కూతుర్ని తెచ్చుకోవాలి. మా వైపు ఆనవాయితీ అది. నేను వెళ్ళనన్నాను. అడగందే పంపనని ఆయన అక్కడ అన్నాడని తెలిసింది. రావికమతం దారిలో వాళ్ళ పల్లె ఎంత దూరమని! అయినా నెలలు గడిచిపోతున్నాయి. మా ఆవిడ పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతూ ఉండేది. నేను గదిలోకి వస్తే వాటిని చాప కిందికి తోసేసేది.

సరిగ్గా అప్పుడే మా చోడవరంలో టూరింగ్ టాకీసు డేరా వేశారు.

"ఆళ్ళ బండి వస్తందట. అమ్మాయి కూడా వస్తందట. నన్ను సినిమాకి తీసుకెళ్ళండి" అంది మా ఆవిడ.

"సినిమాకా? నేనా?"

"మీరు కళ్ళు మూసుకోండి. నేను సూడ్డానికొచ్చేది సినిమా ఏటి?"

మొదటి ఆటకి వెళ్ళాం. తడికకి అవతల ఆడవాళ్ళ వైపు ఆమె, ఇవతల బెంచీ మీద నేను. కాసేపటికి పక్కన ఎవరో వచ్చి కూలబడ్డారు. బెల్లప్పాకం వాసన. తల తిప్పకుండానే తెలిసిపోయింది. లేచి వెళ్ళిపోదామంటే బెంచీలన్నీ నిండిపోయాయి, పైగా లేస్తే ఓడినట్టు. ఇద్దరం ఇంకా బొమ్మపడని తెరని శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాం.

ఆ సినిమాని ఒక వారపత్రిక విమర్శకుడు పామరుల కాలక్షేపం అని తీసిపారేశాడు. చూడకముందు నేనూ అది చదివి తల ఊపాను. కథ నిజానికి పిసరంతే. కొలువు పోయిన ఒక పొడుగు సైనికుడు, జేబులు కొట్టే ఒక పొట్టి దొంగ, ఇద్దరూ కలిసి చెరసాల నుంచి పారిపోతారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క కత్తి. అది నాదంటే నాదని సినిమా అంతా తగువు. తగువులాడుకుంటూనే ఎదురొచ్చిన భటుల్ని చితక్కొడతారు. పొడుగాయన పోరాడుతుంటే పొట్టాయన పక్కన కూర్చుని లడ్డూలు తింటాడు. "ఇక నీ వంతు" అని వీడు కత్తి విసిరితే, నోట్లో లడ్డూతోనే వాడు అందుకుంటాడు. నేను చదివిన నాటకాల్లో నాయకుడి పక్కన విదూషకుడు ఉంటాడు. ఇక్కడ ఎవరు నాయకుడో, ఎవరు విదూషకుడో తేలదు. రీలు రీలుకీ మారిపోతుంటారు. ఒకడు నవ్వించబోతే రెండోవాడు బిగుసుకుంటాడు, ఆ బిగువు చూసే మనకి నవ్వు. ఆ ఇద్దరు నటులకీ ఎక్కడ కుదిరిందో ఆ జోడీ! నవ్వకుండా ఆ విమర్శకుడు ఎలా కూర్చోగలిగాడో నాకు తెలియదు. కూర్చోగలిగితే అది పాండిత్యం కాదు, అజీర్తి.

డేరాలో ఉన్నది ఒకటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించేవారు. చీకట్లో మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. లైటు పడగానే ఆయన తూర్పుకి, నేను పడమటికి. మళ్ళీ చీకటి, మళ్ళీ నవ్వు. మగవాళ్ళ వైపు సగం మంది తెర మానేసి మమ్మల్నే చూస్తున్నారు. మా సంగతి ఊరందరికీ తెలుసు.

కోట వంటశాలలో పోరాటం వచ్చింది. చుట్టూ భటులు. వీడు విసిరాడు, వాడు తిరిగి విసిరాడు, వీడు మళ్ళీ విసిరాడు. ఇద్దరూ గిర్రున తిరిగి యుద్ధానికి చేతులు ఎత్తారు. చూస్తే ఇద్దరి చేతులూ ఖాళీ. కత్తి నేలమీద పడి ఉంది. శత్రువుల దళపతి వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, "మీలో ఎవరిదండీ ఇది?" అని మర్యాదగా అడిగాడు.

డేరా ఊగిపోయింది. లైటు పడింది. రీలు అక్కడితో సరి. చూసుకుంటే నా చెయ్యి మా వియ్యంకుడి మోకాలి మీద ఉంది.

వెనక్కి తీసుకోబోయాను. ఆయన దాని మీద తన చెయ్యి వేశాడు.

"తియ్యకండి బావగారూ. తీసేరంటే మరో సినిమా వొచ్చేదాకా మనకి మాటలుండవు."

"అమ్మాయిని..." అన్నాను.

"మీరడగాలని నేను, నేనే అనాలని మీరు. మనం ఇసిరీసుకోడంలో ఆడగుంట మజ్జినుండిపోనాది" అన్నాడు. తెర వంక ఓసారి చూసి, "ఎల్లుండి మంచిరోజు. పందిరి మంచం దులిపించండి. ఇప్పుడు మాటాడకండి, రీలు పడతంది" అన్నాడు.

ఇంటికి వస్తూ మా ఆవిడ, "ఎవరో నవ్వుతున్నారు, ఎవరి నవ్వా అనుకున్నాను. అమ్మాయే సెప్పింది, నాన్నదే అమ్మా అని" అంది.

ఆ తర్వాత డేరా వేసిన ప్రతిసారీ ఆయన నా కోసం పక్క చోట తువ్వాలు పరిచి ఉంచేవాడు. చూసిన సినిమాయే మళ్ళీ చూస్తూ, హాస్యం రావడానికి ముందే నవ్వేసేవాడు. మా అరుగు మీద గొడుగుతో కత్తియుద్ధం చేసి చూపించేవాడు. "ఆళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు సూడరు, గమనించేరా? సూడకుండానే ఇసురుతాడు, సూడకుండానే పడతాడు. అదీ పనంటే" అనేవాడు. నేను దేన్నయినా తిట్టబోతే, అది కొత్త పుస్తకం కానీ, ప్రభుత్వం కానీ, మా ఆవిడ చేసిన పులుసు కానీ, "ఓ రీలు అవనియ్యండి బావగారూ, అప్పుడు తిడుదురుగాని" అనేవాడు. రీలు అయ్యేసరికి తిట్టు సగం చల్లారిపోయేది.

సినిమాల పిచ్చి అన్న రీడింగ్ రూము పెద్దకి ఇదే నా జవాబు. అయ్యా, తమరు చదివిన గ్రంథాలన్నీ కలిసి, గోడ అవతల ఉంటున్న తమ సొంత తమ్ముడితో తమరిని ఒక్క మాట మాట్లాడించలేకపోయాయి. నన్ను మాట్లాడించడానికి లడ్డూలు తింటూ కత్తి తిప్పే ఇద్దరు నటులు, పక్క బెంచీ మీద ఒక బెల్లం రైతు చాలారు. ఎవరిది పిచ్చో మీరే తేల్చుకోండి.

ఇదంతా ఒక ఎత్తు. ఆయన మాటిచ్చిన ఆ ఎల్లుండి పొద్దున ఒక ఎత్తు. కోడల్ని పురిటికి మామగారే తెచ్చి దిగబెట్టడం మా వైపు ఎక్కడా లేదు. పుట్టింటివాళ్ళు వెళ్ళాలి, బతిమాలాలి. వాళ్ళ చుట్టాలు దారి పొడుగునా నవ్వారట. ఆయన వినిపించుకోలేదు. నేను వీధి చివరికి ఎదురు వెళ్ళాను. వానలకి గతుకులు పడ్డ రోడ్డు మీద బండి నెమ్మదిగా వస్తోంది. గడ్డి మీద గడ్డి వేసి, దాని మీద రెండు పరుపులు వేసి, అమ్మాయిని కూర్చోబెట్టారు. బండి తోలేవాడి చోటు ఖాళీగా ఉంది. మా వియ్యంకుడు ఎడ్ల ముందు, ముకుతాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి నడుస్తూ వస్తున్నాడు. పల్లె నుంచీ అలాగే నడిచాడట. మోకాళ్ళదాకా బురద. నన్ను చూడలేదు. గతుకు వచ్చినప్పుడల్లా చక్రాల వంకే చూస్తూ, "నెమ్మది నాన్నా, నెమ్మది" అని ఎడ్లతో గుసగుసగా చెబుతూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తున్నాడు.