జడ్సన్ దాచిన పాఠం

దోహాలోని ఒక రోగపరీక్షల ల్యాబులో జడ్సన్ పదిహేడేళ్ళుగా టెక్నాలజిస్టు. కలరా క్రిమిని పెంచి గుర్తుపట్టడంలో అతనికి చెయ్యి తిరిగినంతగా అక్కడ మరొకరికి తిరగలేదు. అయినా రిపోర్టు మీద సంతకం ఎప్పుడూ వేరొకరిదే. సూపర్‌వైజరు కుర్చీ రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ అతన్ని దాటిపోయింది.

ఆ ఏడాది సిరియా నుంచి అద్నాన్ అనే ముప్పై మూడేళ్ళవాడు ఆరువారాల శిక్షణకు వచ్చాడు. యుద్ధంలో కూలిన వాళ్ళ జిల్లా ల్యాబును మళ్ళీ నిలబెడుతున్నారు. దానికి అతనే అధిపతి. నేర్పే పని జడ్సన్ మీద పడింది. మొదటిరోజే అద్నాన్ ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. కొత్తగా రంగేసిన తలుపు, దాని మీద అరబ్బీలో అతని పేరు.

"బాగుంది," అన్నాడు జడ్సన్. రెండోసారి చూడకుండానే ఫోన్ తిరిగిచ్చేశాడు.

అద్నాన్ చేతులు ఇంకా మొరటువి. క్రిముల్ని పెంచే జెల్లీ పోసిన గాజు ప్లేటులో తీగతో గీత గీస్తే ఆ జెల్లీ చిరిగేది. వీడా అధిపతి అనుకునేవాడు జడ్సన్. అద్నాన్ మాత్రం అతన్ని నోరారా "అఖీ" అని, అంటే సోదరా అని పిలిచేవాడు. ఆ మంచితనం మరీ ఒళ్ళు మండించేది.

జడ్సన్ అల్ ఘర్రాఫా పేటలోని తన వాటాకి వెళ్ళాక భార్య ఫెబి దగ్గర అదే గోల.

"ఈ పూటా ఆ సిరియా అబ్బాయి సంగతేనా?" అందామె. "కలరా భయంతో వాళ్ళూళ్ళో నీళ్ళు తాగాలంటే హడలిపోతున్నారని మీరే చెప్పారు. అతని మీద కుళ్ళేంటండీ మీకు?"

"కుళ్ళు కాదు ఫెబీ. నా అనుభవం ముందు అతనెంత?"

"దాన్నే కుళ్ళంటారు," అని ఆమె అన్నం వడ్డించింది.

పరీక్ష సరిగ్గా వస్తోందో లేదో తేల్చుకోడానికి ప్రతి ల్యాబులోనూ ఫలానావని ముందే తెలిసిన క్రిములను ప్రాణంతో దాచుకుంటారు. దోహాలో వాటికి పెద్ద ఫ్రీజరుంది. అయిదో వారంలో దాని ముందు నిలబడి అద్నాన్ అడిగాడు. "అఖీ, మాకు కరెంటు రోజుకి నాలుగు గంటలే. వీటిని ఎలా బతికించుకోవాలి?"

జడ్సన్‌కి జవాబు తెలుసు. పాలకొల్లు దగ్గరి మిషన్ ఆసుపత్రిలో, పూటంతా కరెంటు లేని రోజుల్లో, ఎడ్వర్డ్ గారనే పెద్దాయన అతనికి నేర్పాడు. చిన్న గొట్టంలో పల్చటి జెల్లీలో క్రిమిని గుచ్చి, అది పెరిగాక పైన శుద్ధిచేసిన పారఫిన్ నూనె పోసి బిగిస్తే, ఫ్రీజరు లేకుండా మామూలు బీరువాలోనే నెలల తరబడి బతుకుతుంది.

"నేను రూల్సులో ఉన్నదే చెప్పగలను," అన్నాడు జడ్సన్. "జనరేటర్ అడగండి."

అద్నాన్ తలూపి రాసుకున్నాడు.

అద్నాన్ తిరిగి వెళ్ళిన మూడు నెలలకి మేనేజరు మీటింగులో ఒక ఉత్తరం చదివాడు. అద్నాన్ ల్యాబులో జనరేటర్ ఆగి క్రిములన్నీ చచ్చిపోయాయి. ఫలితాలు నమ్మే వీల్లేక, రోగుల నమూనాలను ఆరుగంటల దూరం రాజధానికి పంపుతున్నారు. వినగానే జడ్సన్‌కి ముందు కలిగింది సంతోషం. ఆ సంతోషాన్ని తనలో తానే చూసి జడుసుకున్నాడు.

ఇంటికెళ్ళి ఫెబికి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

జడ్సన్ పద్ధతి చెప్పడం మొదలుపెట్టగానే అద్నాన్ ఆపాడు.

"ఇది నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"తలుపు మీద నీ పేరు చూసి ఓర్చుకోలేకపోయాను."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత అద్నాన్, "చెప్పండి మిస్టర్ జడ్సన్, రాసుకుంటాను," అన్నాడు. మళ్ళీ అఖీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

దోహా నుంచి కొత్త క్రిములు వెళ్ళాయి. ఎండాకాలమంతా గొట్టాల్లో బతికాయి. అద్నాన్ ఆ పద్ధతిని అరబ్బీలో అచ్చువేసి అన్ని జిల్లాలకూ పంచి, ఒక కాపీ దోహాకి పంపాడు. జడ్సన్ అందులో తన పేరు కోసం మూడుసార్లు వెతికాడు. లేదు. పాత కుళ్ళు మళ్ళీ లేచింది. దాన్ని అలాగే మోసుకుంటూ క్లాసుకి వెళ్ళాడు. శిక్షణకి యెమెన్ నుంచి వచ్చిన నలుగురు అక్కడ కూర్చుని ఉన్నారు. వాళ్ళకి మొదటిరోజే ఆ నూనె పొయ్యడం చేసి చూపించాడు.