దొర కోటకు పోచమ్మ

డెబ్భైల మొదట్లో మాదాపూర్ ఇంకా ఊరే. మావారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి అక్కడ కిరాయికి ఉండేవాళ్లం. మధ్యాహ్నాలు ఇంటావిడ అరుగు మీద చింతపండు గింజలు తీసేది. పెద్దావిడ, అందరూ అవ్వ అనేవారు. చుట్టుపక్కల ఆడవాళ్లు అక్కడే చేరేవారు. కొత్తదాన్ని కదా, నన్ను పలకరించే దిక్కు లేదు. ఉండబట్టలేక ఒకరోజు, పెళ్లికి ముందు చదివిన ఇంగ్లీషు నవల కథ ఎత్తుకున్నాను. పగలు తన కోటలో శవపెట్టెలో పడుకుని, రాత్రి లేచి జనం నెత్తురు తాగే దొర కథ. దొర నెత్తురు తాగుతాడంటే అక్కడెవరూ ఆశ్చర్యపోలేదు. మర్నాటి నుంచి నాకోసం పీట వేసి ఉంచేవారు. ఆ పీట నాకెంత ముఖ్యమో మావారికి కూడా తెలియదు.

కథ సగంలో ఉండగా ఆ నవలనే తెలుగులో సినిమా తీశారు. అందరం బస్సెక్కి పట్నం వెళ్లాం. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. దొరకు ఇద్దరు పెళ్లాలట, పైగా క్లబ్బు డాన్సు! గబ్బిలం దారానికి వేలాడుతూ గిరగిరా తిరిగింది. చివర్లో హీరోయిన్ పాట పాడితే గుళ్లోని అమ్మవారి త్రిశూలం ఎగిరొచ్చి దొర గుండెలో దిగింది. మావాళ్లంతా లేచి దండం పెట్టారు. నేనొక్కదాన్నే పళ్లు నూరుతూ కూర్చున్నాను.

సినిమాలో కథ అయిపోయిందిగా, మర్నాడు నాకు పీట వేయలేదు.

"అవ్వా, అసలు కథ అది కాదండీ" అన్నాను ఉక్రోషం ఆపుకోలేక.

"నీ కథల దొర సస్తడా?"

"చస్తాడు. కత్తులతో పొడుస్తారు."

"ఒట్టి కత్తులేనా? అమ్మవారు లేదా?"

"అది వేరే దేశం అవ్వా."

అవ్వ చింతపండు పక్కన పెట్టింది. "ఏ దేశమైతే ఏంది బిడ్డా? గంత పెద్ద కోట ఉన్న ఊరికి పొలిమేరల పోచమ్మ లేదా? బోనం పెట్టకుంటే వాడు మల్ల లేస్తడు. గసొంటి కథ మా ఇంట్ల చెప్పకు."

అందరూ తలలూపారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎంత గొప్ప నవల! ఈవిడకు ఎలా చెప్పి చావను? గోడకు చేరేసిన పీట కేసి చూశాను.

"ఉందండీ" అన్నాను. "కోట వెనక, వేపచెట్టు కింద. చెప్పడం మరిచిపోయాను."

అవ్వ పీట వాల్చింది. "గది ముందుగాల చెప్పాలె గద!"

ఆ మధ్యాహ్నం, మంచు కురిసే ఆ దేశపు దొరసానుల నెత్తిన నా చేతులతో నేనే బోనాలు పెట్టాను.