రెండో ప్రొఫైల్

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని. హాస్టల్లో ఏదో తెల్లగా కనిపించిందని పిల్లలు వచ్చి చెబితే, ముందు ఈ చాప్టర్ పూర్తిచేసి రండమ్మా, తర్వాత దాని సంగతి చూద్దాం అనేదాన్ని. నేనిలాంటిది రాశానని తెలిస్తే వాళ్ళు నన్ను బతకనివ్వరు.

మేముండేది విజయవాడ భవానీపురంలో. మా ఆయనది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. మా అమ్మాయి జాహ్నవికి అప్పుడు నాలుగేళ్ళు. ఎదురుగా ట్యాబ్ పెడితేగానీ ముద్ద నోట్లోకి వెళ్ళేది కాదు. తప్పని అందరూ చెప్పేవాళ్ళే, మానిపించే ఉపాయం చెప్పినవాళ్ళు లేరు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పిల్లల వీడియోల యాప్‌లో, చూసినవన్నీ వరసగా కనిపించే చోటు ఒకటి ఉంటుంది. ఆదివారం భోజనాలయ్యాక కూర్చుని ఆ వారానివన్నీ తిరగేసేదాన్ని. పరీక్షల్లో స్లిప్పులు పట్టుకునేదాన్ని, ఇంట్లో ఊరుకుంటానా.

జాహ్నవివన్నీ ఒకటే రకం. ఎవరో బొమ్మల డబ్బాలు విప్పడం, కేకులు కోయడం, అరుచుకుంటూ ఆడుకోవడం. ఒక ఆదివారం వాటి మధ్య వేరేవి కనిపించాయి. నలుపు తెలుపు గీతలు మెల్లగా కదిలేవి, గిలక్కాయ చప్పుళ్ళు, జోలపాటలు. నెలల పిల్లలకు పెట్టేవి. ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వచ్చి ఉంటాయిలే అనుకున్నాను. మరుసటి వారం కూడా ఉన్నాయి.

జాహ్నవిని అడిగితే దానికి కోపం వచ్చింది. "అవి చంటిపిల్లలవమ్మా. నేను పెద్దదాన్ని కదా" అంది. అదీ నిజమే. జోలపాట వస్తే వేలితో తోసి పారేసే రకం.

వాటిని బ్లాక్ చేశాను. అలాంటివే ఇంకో ఛానల్‌వి వచ్చాయి. నెలలు గడిచేకొద్దీ జోలపాటలు తగ్గి, ముఖం దాచుకుని బూచి అనే ఆటలు మొదలయ్యాయి. తర్వాత ఆవు, మేక, కాకి అరుపులు. ఆ తర్వాత తప్పటడుగుల పాటలు. జాహ్నవి చూసేవి ఒక దారిన పెద్దవవుతుంటే, ఇవి ఇంకో దారిన పెద్దవవుతున్నాయి.

ఆ సంగతి తట్టిన పొద్దున, పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా స్టవ్ కట్టేయాలని తోచలేదు.

అసలు సంగతి ఒకటి ఇంకా చెప్పలేదు. ఈ వీడియోలు మొదలవడానికి కొద్ది వారాల ముందు నాకు రెండో కాన్పయింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. సాయంత్రానికి పోయింది. హాస్పిటల్ కాగితాల్లో దాని పేరు ‘బేబీ ఆఫ్ సుజాత’. బారసాల కాని పిల్లకు పేరు పెట్టకూడదు, పెడితే ఆ మమకారం మిమ్మల్ని వదలదు అని చల్లపల్లి నుంచి వచ్చిన మా అత్తగారు అన్నారు. నా మంచికే అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ ఆ పిల్ల మాట ఎత్తలేదు.

బూచి ఆటలు వచ్చేనాటికి, అది ఉండి ఉంటే బోర్లాపడి తల ఎత్తి చూసే వయసు. అడుగుల పాటలనాటికి గోడ పట్టుకుని నిలబడే వయసు. నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజం. అంతకన్నా ముందు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, సంతోషం వేసింది.

మా ఆయనకు చూపించాను. చూసి ట్యాబ్ పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకు, నన్నెవరైనా మంచి డాక్టరుకు చూపిద్దామని మొదలుపెట్టారు. నాకేమైందని నిలదీస్తే అప్పుడు బయటపడ్డారు.

"సుజాతా, వాటిని నువ్వే పెడుతున్నావు కదా? నిజం చెప్పు, నేనేమీ అనను."

"నేను మీరనుకున్నానండీ" అన్నాను.

అబద్ధం కాదు. షాపులో ఖాళీ దొరికినప్పుడు ఆయనే తన ఫోన్లో పెట్టుకుని చూస్తున్నారేమో, అడిగితే నొచ్చుకుంటారేమో అని నా మనసులో ఒక మూల ఉండేది.

అప్పటినుంచి ఇద్దరం కలిసి కాపలా కాశాం. పాస్‌వర్డ్ మార్చాం. మా ఫోన్లలోంచి ఆ ఖాతా తీసేశాం. చల్లపల్లిలో మా మరిదిగారి గృహప్రవేశానికి వెళ్తూ ట్యాబ్ స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టి, తాళంచెవి ఆయన జేబులో వేసుకున్నారు. తిరిగొచ్చి తెరిస్తే, మేము ముగ్గురం అక్కడ బంతిలో కూర్చుని భోంచేస్తున్న పూట, గోరుముద్దల పాట ఒకటి చూసినట్టుంది. మా కాలేజీలో కంప్యూటర్ సారుకు చూపించాను. ఖాతాలో ఇంకెవరి ఫోనూ లేదన్నారు. మరెలా అంటే తనకూ తెలియడం లేదన్నారు.

అన్నీ చెరిపేసి యాప్ తీసేద్దామన్నారు మా ఆయన. ఇది ఇలాగే సాగితే నువ్వు నాకు దక్కవు అని కూడా అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు హాస్పిటల్లో చేతుల్లోంచి తీసుకెళ్ళిపోతుంటే నోరు మెదపలేకపోయాను, ఈసారి ఇవ్వనన్నాను. మా పెళ్ళయ్యాక అంత గొడవ ఎన్నడూ పడలేదు. పాపం జాహ్నవి పక్కింటికి పోయి కూర్చుంది.

ఆ వారం వచ్చింది ఒకటే వీడియో. మళ్ళీ మళ్ళీ అదే చూసినట్టుంది. చిన్నపిల్లలకు మాటలు నేర్పేది. ఒక ఎలుగుబంటి బొమ్మ "నీ పేరేంటి?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగుతుంది. మళ్ళీ అడుగుతుంది.

నేనది పెట్టి చూస్తుంటే, షాపుకు బయల్దేరిన మా ఆయన విని, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. ట్యాబ్ చేతిలోకి తీసుకున్నారు. చెరిపేస్తున్నారనుకుని లాక్కోబోయాను. ఆయన ఇంకో పిల్లను చేర్చడానికి ఉండే చోట నొక్కారు. వయసు అడిగింది. ఉండి ఉంటే దానికి అప్పటికి రెండేళ్ళు, అదే పెట్టారు. పేరు అడిగింది. పేరు లేకపోతే అది ముందుకు వెళ్ళనివ్వదు. జాహ్నవి బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసినంత నెమ్మదిగా, ఒక్కో అక్షరం నొక్కారు. ఆ పేరు ఎప్పుడనుకున్నారో నేనడగలేదు. ఇక్కడ రాయను కూడా.

"ఇంక దానివి దాన్ని చూసుకోనీ" అన్నారు. ఇద్దరం ఏడ్చాం. పట్టపగలు, తలుపులు తీసి ఉండగానే.

ఆ తర్వాత జాహ్నవి చూసినవాటిలో చంటిపిల్లల వీడియో ఒక్కటీ కలవలేదు. యాప్‌లో ఏదో తేడా ఉండి ఉంటుంది, కొత్త ప్రొఫైల్‌తో సర్దుకుని ఉంటుంది అన్నారు కంప్యూటర్ సారు. కావచ్చు. ఎందుకొచ్చాయో ఎంత తెలుసో, ఎందుకు ఆగాయో కూడా నాకు అంతే తెలుసు. దెయ్యాల మీద మాత్రం ఇప్పటికీ నమ్మకం లేదు.

జాహ్నవివి ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను. దాని పేరు పక్కనే రెండో పేరు కనిపిస్తుంది. మా ఆయన ఎప్పుడైనా తెరిచారేమో నాకు చెప్పలేదు. నేను ఇంతవరకూ తెరవలేదు. వేలు అక్కడిదాకా వెళ్తుంది. లోపల ఏమీ ఉండదేమోనని భయమేసి, వెనక్కి తీసుకుంటాను.