మా బావ సమాధికి రేకు బోర్డు

మా అక్క భర్త బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏ బండి ఎప్పుడు కదలాలి, దాని ముందు ఏ ఊరి బోర్డు వేలాడాలి అన్నది చూడడమే ఉద్యోగమంతా ఆయన చేసిన పని. రిటైరయ్యాక మైపాడుకు కాస్త ఇవతల ఉన్న సొంతూరికి వెళ్లి ఇల్లు బాగుచేయించుకున్నాడు. అక్కడ చూసుకోవడానికి బస్సులు లేవు. దాంతో తన బతుకునే ఒక బస్సుగా పెట్టుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు.

బావ భక్తి కొత్తది కాదు. కొత్తదల్లా దానికి పట్టిన క్రమశిక్షణ. దేవుడు ఎవరినీ ఊరికే పుట్టించడనీ, ఆ ఉద్దేశం తెలుసుకోకుండా తిరిగేవాడు బోర్డు లేని బస్సులాంటివాడనీ ఆయన చర్చిలో ఆదివారం సాక్ష్యంలో చెప్పేవాడు. ఆదివారంతో ఆగితే బాగుండేది. మా అక్క సంచి పట్టుకుని బయల్దేరితే ఏ ఉద్దేశంతో వెళ్తున్నావని అడిగేవాడు. టమేటాలకని ఆమె చెబితే, టమేటాల ఉద్దేశమేమిటని అడిగేవాడు. పులుసని ఆమె చెప్పేది. అక్కడికి ఆయనకు తృప్తి. ఇద్దరూ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాక సంచి గడప దాటేది. ఇది నేను కళ్లారా చూశాను. పత్రికలో పనిచేసిన వాణ్ణి, చూడనిది చూశానని రాయను.

ఈ లెక్కన ప్రయాణం మధ్యలో ఉన్న ఊళ్లన్నీ సర్దుకున్నాక ఆయన దృష్టి చివరి స్టాపు మీద పడింది. విశ్వాసి అన్నవాడు ఎప్పుడైనా బయల్దేరడానికి సిద్ధంగా ఉండాలని పాస్టరు గారు చెప్పిన మాటను ఊళ్లో అందరూ విన్నారు. మేస్త్రీని పిలిపించింది మాత్రం మా బావ ఒక్కడే. కాలవ పక్కన ఉన్న మా వాళ్ల సమాధుల తోటలో తనకోసం తాను సమాధి కట్టించుకున్నాడు. సముద్రం దగ్గరి నేల కాబట్టి కాస్త తవ్వితే చాలు నీరు ఊరుతుంది. అందుకని భూమికి పైన ఎత్తుగా ఇటుకలతో కట్టి, లోపల సిమెంటు పూయించాడు. పైన జరిపితే జరిగే మూత. తల వైపు సిమెంటులో పాతిన నల్లరాయి. దాని మీద ఆయన పేరు, రిటైర్డ్ కంట్రోలరు అన్న మాట, ప్రభువునందు నిద్రించుచున్నాడన్న మాట, పుట్టిన తారీఖు, పక్కన ఒక గీత. గీత తరవాత ఖాళీ.

కట్టడం అయ్యాక కృతజ్ఞత కూడిక పెట్టాడు. మా వాళ్లలో బోరు వేసినా బండి కొన్నా కూడిక పెట్టడం మామూలే. కానీ ఖాళీ సమాధికి ఏ ప్రార్థన చేయాలో పాస్టరు గారికి తోచలేదు. కాసేపు తటపటాయించి గృహప్రవేశం ప్రార్థనే చేశాడు. ఈ కట్టడంలో నివసించేవారికి శాంతి సమాధానాలూ ఆరోగ్యమూ దయచేయమని అడిగాడు. అందరం ఆమెన్ అన్నాం. కోడికూర భోజనాలు పెట్టారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన బంధువులు గోడ గడియారం చదివించారు. తగిలించడానికి గోడ ఎక్కడుందని మా అక్క వాళ్లను నెమ్మదిగా అడిగింది.

సంఘంలో మా బావకు మింగుడుపడని మనిషి ఒకడుండేవాడు. వలలు బాగుచేసి బతికేవాడు, ఆరాధనలో డోలక్ వాయించేవాడు. ఎప్పుడూ ఆలస్యమే. రెండో పాట సగంలో ఉండగా తలుపు దగ్గర చెప్పులు విడిచి, అందరికీ నవ్వుతూ వందనాలు చెప్పుకుంటూ వచ్చి కూర్చుని డోలక్ ఒళ్లోకి తీసుకునేవాడు. ఆ డోలక్ కూడా పాట కంటే కాస్త వెనకే నడిచేది. బావ చర్చి వాకిట్లో నిలబడి చేతిగడియారం ఆయనకు కనబడేలా పట్టుకునేవాడు. ఆయన దాన్ని వంగి చూసి, మంచి గడియారమన్నా అని మెచ్చుకుని లోపలికి వెళ్లేవాడు. ఉద్దేశమన్నదే లేని మనిషని బావ నాతో ఎన్నోసార్లు అన్నాడు.

వాయుగుండం పట్టి వానలు వదలని రోజుల్లో ఆ డోలక్ మనిషికి జ్వరం వచ్చింది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి పెట్టెలో వచ్చాడు.

ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను. సమాధుల తోటలో నలుగురు మగవాళ్లు గొయ్యి తవ్వుతున్నారు. తవ్వినంత మేరా నీళ్లు. బక్కెట్లతో తోడితే గట్టు విరిగి లోపల పడుతోంది. చోటు మార్చి చూశారు, అక్కడా అంతే. పట్నం తీసుకెళదామంటే తెల్లారేసరికి రోడ్డు మీద కల్వర్టు మునిగింది. పెట్టెను పరదా పట్ట కింద బల్ల మీద పెట్టారు. చచ్చిపోయిన మనిషి భార్య దాని పక్కనే కూర్చుని, నీళ్లలో మాత్రం వేయొద్దని ఒకటే మాట చెబుతోంది. బతికినన్నాళ్లూ నీళ్ల పక్కనే తడుస్తూ ఉన్నాడు, ఇప్పుడైనా పొడి నేల చూడమని అడుగుతోంది.

అక్కడ పొడి చోటు ఒక్కటే ఉంది. అది అందరికీ కనబడుతోంది. ఎవరూ అటు చూడడం లేదు. చూడకుండా ఉండడానికి అందరూ కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. పాస్టరు గారు దగ్గాడు. బావ గొడుగు కింద నిలబడి గడియారం చూసుకున్నాడు. అలవాటు కొద్దీ చూసుకున్నాడు, టైముతో అక్కడ పనేమీ లేదు.

మా అక్క ఆయన పక్కకు వెళ్లి, మాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"నువ్విప్పుడు ఎక్కేదేమన్నా ఉండాదా?"

బావ సమాధి దాకా నడిచి వెళ్లి, నల్లరాయి మీద పడిన వాన నీళ్లను అరచేత్తో తుడిచాడు. మళ్లీ తడిసింది. మళ్లీ తుడిచాడు. అప్పుడు గొయ్యి దగ్గరున్న వాళ్లను కేకేసి మూత జరపమన్నాడు. మీకోసం కట్టుకున్నది కదా అని పాస్టరు గారు గొణిగాడు.

"ఏం చేసేది అయ్యగారూ. ఇన్నేళ్లలో వాడు ముందుగా వొచ్చింది ఇదొక్క తూరే. సీటు లేదని ఎట్ట చెప్పేది?" అన్నాడు బావ.

మూత జరిపితే లోపల ప్లాస్టిక్ కవరులో మడిచిన తెల్ల దుప్పటి ఒకటి ఉంది, మధ్యలో కలరా ఉండలు వేసి. తనకోసం దాచుకున్నది. బావ దాన్ని తీసి చూసి, అదీ పెట్టె మీద కప్పమన్నాడు. మా బావ కొలతకు కట్టిన సమాధి. పోయిన మనిషి ఇంకాస్త పొడవు. పెట్టె ఒక పట్టాన దిగలేదు. బావ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, కొంచెం ఏటవాలుగా పట్టుకోండి, వెనక్కి జరపండి, ఇంకా చోటుంది అని బస్టాండు గొంతుతో చెబుతూ సర్దించాడు. తరవాత పాట మొదలైంది. డోలక్ లేదు. అయినా అందరం ఆయన కోసమన్నట్టు వెనకవెనకనే పాడాం.

రాయితో చిక్కు ఆ తరవాత మొదలైంది. దాన్ని సిమెంటులో పాతారు కాబట్టి తీస్తే పగులుతుందని మేస్త్రీ చెప్పాడు. మూత చుట్టూ కొత్త సిమెంటు, మీద వాడని పూలు, తల వైపు మా బావ పేరు. గడియారం చదివించిన బంధువులు మా అక్కను చూడ్డానికి వస్తూ దారిలో ఆటో ఆపి, చూసి, అక్కడే కూలబడి ఏడ్చారు. ఇంటికి ఏడుస్తూనే వచ్చారు. తలుపు తీసింది బావ. ఎవరో సమాధి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మా పాత పత్రికలో పనిచేసే విలేకరి ఒకాయన నాకు ఫోన్ చేసి, చిన్న వార్త వేద్దాం, మీ బావగారి ఫోటో పంపమన్నాడు. చావు వార్త వేసే ముందు ఇంటివాళ్లను అడగమని అతనికి నేర్పింది నేనే. ఫోన్ బావకిచ్చాను.

"నేను ఇంకా బయల్దేరలా అబ్బయా," అని చెప్పి బావ ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇవన్నీ బావ ఓర్చుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పోయిన మనిషి భార్య వచ్చి, గీత పక్కన తన భర్త పోయిన తారీఖైనా చెక్కించుకుంటానని అడిగినప్పుడు మాత్రం ఇబ్బంది పడ్డాడు. చెక్కిస్తే రాయి ప్రకారం పోయినవాడు తనే అవుతాడు. వద్దంటే ఆమె భర్తకు పేరూ లేదు, తారీఖూ లేదు. ఆయన ఇబ్బంది చూసి ఆమే తేలిక చేయబోయింది.

"పోనీలే అన్నా. బతికినన్నాళ్లూ ఆయనకి ఉద్యోగం సద్యోగం లేదు. ఇప్పుడు చూడు, రిటైర్డ్ కంట్రోలరు," అంది. నవ్వుతూనే అంది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బావ నెల్లూరు వెళ్లాడు. ఏ ఉద్దేశంతోనో మా అక్కకు చెప్పలేదు. ఆమె అడిగింది కూడా. సాయంత్రానికి పాత కాగితంలో చుట్టిన పలక లాంటిది తెచ్చాడు. బస్టాండులో బోర్డులు రాసే పెయింటరు చేత రాయించిన రేకు బోర్డు. పసుపు మీద నల్లటి లావు అక్షరాలతో వలలాయన పేరు, కింద రెండు తారీఖులు. పైన తగిలించడానికి రెండు కొక్కేలు. రాతికి పైనున్న సిమెంటులో మేకులు దిగగొట్టించి బోర్డు తగిలిస్తే బావ పేరు పూర్తిగా కప్పుకుపోయింది. బండి అదే, బోర్డు మారింది, దీంట్లో వింతేముందని బావ నన్నే అడిగాడు. వలలాయన భార్య అక్షరాలను వేలితో తడిమి చూసుకుంది. దూరం నుంచి కూడా కనబడుతుందని సంతోషించింది.

మరి నీ సంగతేమిటి బావా, మళ్లీ కట్టిస్తావా అని తిరిగి వస్తూ అడిగాను. ఆలోచించలేదన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

ఇప్పుడు సముద్రపు గాలి తిరిగినప్పుడల్లా బోర్డు ఒక పక్కకు ఒరిగి కింద నుంచి బావ పేరు సగం బయటపడుతుంది. ఎవరో ఒకరు చూసి ఫోన్ చేస్తారు. బావ చెప్పులేసుకుని సరిచేయడానికి బయల్దేరతాడు. వెళ్తే వెంటనే రాడు. అక్కడ ఏం చేస్తాడో, ఎందుకంతసేపో మా అక్క అడగడం మానేసింది. ఆదివారం నాడు అటునుంచే చర్చికి వస్తాడు. అప్పటికి మేం రెండో పాటలో ఉంటాం.