నవల్లో పిల్లకి చావుగంట

ఎలాడియో నలభై ఏళ్లుగా స్పెయిన్‌లోని ఆ కాస్టీల్ పల్లెలో చర్చి గంటలు కొడుతున్నాడు. చావుగంట వింటే చాలు, పోయింది మగో ఆడో ఊరంతా చెప్పేస్తుంది.

పాత నవలను టీవీ సీరియల్‌గా తీస్తున్నవాళ్లు వచ్చి, కథానాయిక చనిపోయే ఘట్టానికి గంట కొట్టమన్నారు. ఆడపిల్ల కదా అని ఆనవాయితీ ప్రకారం రెండేసి దెబ్బలు కొట్టాడు. అతను కిందికి దిగేసరికి నల్ల శాలువాలు కప్పుకుని ముసలమ్మలంతా చర్చి ముందు నిలబడి ఉన్నారు.

"ఎవర్రా పోయింది?" అని నిలదీసింది వాళ్లలో ముందున్న సగ్రారియో.

"ఊళ్లో ఎవరూ పోలేదు పిన్నీ. నవల్లో పిల్ల."

"సిగ్గులేదూ! నీ గంట ఇన్నేళ్లలో ఒక్కసారైనా అబద్ధమాడిందా?"

సగ్రారియో అతన్ని గుర్రుగా చూసి, శాలువాలోంచి జపమాల తీసింది.

"సరే, ఆ పిల్ల పేరేంటో చెప్పి ఏడువు. గంట మోగాక ప్రార్థన చెయ్యొద్దూ?"