ముహూర్తం నాడే మీటింగు

మా మల్లికార్జున అన్నకు చుట్ట, బీడీ, పేకాట ఏవీ లేవు. ఉన్నది ఒక్కటే జబ్బు, మీటింగు. పెళ్ళి పందిరి సగం వేసి, ఇంకో సగం పనివాళ్ళ నెత్తిన పెట్టి, నిచ్చెన దిగుతూ దిగుతూ "నాకు మీటింగుంది" అని మాయమయ్యే టెంట్ హౌస్ యజమాని నరసరావుపేటలో ఇంకొకడుంటే చూపించండి, నా ఫ్లెక్సీల షాపు రాసిస్తాను.

వినుకొండ రోడ్డులో ఆయన టెంట్ హౌస్, నా షాపు పక్కపక్కనే. గోడౌన్లో ఆయనకు వందల కుర్చీలున్నాయి గానీ, ఒక్కదాంట్లో కూడా ఆయన కూర్చోగా నేను చూడలేదు. టీ నిలబడే తాగుతాడు. ఫోను మాత్రం నడుస్తూనే మాట్లాడాలి. షాపు ముందు "హలో" అన్నవాడు "ఉంటా" అనేసరికి బస్టాండు దగ్గరుంటాడు. అక్కడినుంచి మళ్ళీ నాకే ఫోను చేసి, "ఒరేయ్ కిరణూ, కౌంటరు మీద నా టీ ఉంది, ఈగలు వాలకుండా చూడరా" అని చెప్తాడు.

పల్నాడు టెంట్ హౌస్ యజమానుల సంక్షేమ సంఘానికి ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. ఆ సంఘం పెట్టక ముందు మా వైపు టెంటువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. రోషం ఎక్కువ. ఒకడి ఆర్డరు ఉన్నచోట ఇంకొకడి సామాను దిగకూడదు, ఒకడి పందిట్లో ఇంకొకడు అన్నం తినకూడదు. అలాంటివాళ్ళను వెంటపడి, బతిమాలి, బండెక్కించుకొచ్చి సభ్యుల్ని చేశాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా ఏమిటంటే, ఆ సంఘం మీటింగులు సరిగ్గా ముహూర్తాల రోజుల్లోనే వచ్చేవి.

మంచి లగ్గం ఉన్న రోజున పొద్దున్నే ఆయన ఫోనందుకుంటాడు. అవతల చాలాసార్లు ఈపూరు కొండమ్మే ఉంటుంది. "కొండమ్మా, నాకు మీటింగొచ్చి పడింది. పెళ్ళివాళ్ళకు మాటిచ్చేశా. నువ్వు ఆదుకోకపోతే నా పరువు పోయిద్ది." అవతల కొండమ్మ విసుక్కుంటూనే ఒప్పుకుంటుంది. ఆమె ట్రాలీ ఆటో ఈపూరులో బయల్దేరిందని తెలిసేదాకా ఈయన రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. తర్వాత కండువా దులుపుకుని బండెక్కి వెళ్ళిపోతాడు. చేతికొచ్చిన పని, ఊరికే ఇంకొకరికి!

కొండమ్మ గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆమె భర్త పోయాడు. ఇక సామాను అమ్మేస్తుందనుకున్నారు అందరూ. ఆమె పైట బిగించి తనే నిచ్చెనెక్కింది. సంఘం తరఫున కొంత డబ్బు పోగుచేసి, అన్న నన్ను కూడా వెంటబెట్టుకుని పట్టుకెళితే గుమ్మంలోనే ఆపేసింది. "నేను టెంట్లు కట్టుకు బతికేదాన్ని, ఒకరు జాలిపడి ఇస్తే తినేదాన్ని కాదు. ఇంకోసారి ఇట్టా వస్తే సామానంతా తెగనమ్మి కూలికి పోతా, మీ మొహాలు చూడను" అంది. అన్నంత పనీ చేసే మనిషి. మేం తలలు దించుకుని తిరిగొచ్చాం.

మల్లికార్జున అన్న భార్య రమాదేవి వదిన నోరు మంచిది, ఓపికా మంచిదే. కానీ ముహూర్తం తర్వాత ముహూర్తం చేజారిపోతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? "ఏమయ్యా, ఆ మీటింగేందో మూఢంలో పెట్టుకోవచ్చుగా, పెళ్ళిళ్ళుండవు, ఖాళీగా ఉంటరు" అని అడిగింది ఒకసారి. "సంఘం పని శుభకార్యమే. మూఢంలో చేస్తారటే?" అని ఈయన జవాబు. ఆ తర్వాత ఆవిడ తెగేసి చెప్పింది. ఈ మాఘమాసం దాటేలోపు ఆ మీటింగులు మానకపోతే సామాను బేరం పెట్టి, తను గురజాల పుట్టింటికి పోతానంది. ఈయన అప్పుడు కూడా వాకిట్లో పచార్లు చేస్తూనే విన్నాడు.

ఇక బ్లాగు. అందరూ వాట్సాప్ గ్రూపులు పెట్టుకుంటే ఈయన బ్లాగు పెట్టాడు. గ్రూపులో ఏది పెట్టినా పొద్దున దండం పెట్టే బొమ్మల కింద పడి చస్తుందట. 'పల్నాడు శామియానా' అని దానికి పేరు. ప్రతి మీటింగుకూ అందులో నివేదిక. "ఈపూరు మహాసభ దిగ్విజయం. ఎనిమిది వందల కుర్చీలు చాలక సభ్యులు నిలబడే విన్నారు. అధ్యక్షులు ఉద్వేగంగా ప్రసంగించగా పలువురు కంటతడి పెట్టారు." పక్కన ఒక ఫొటో, నిండా ఖాళీ కుర్చీలే. కింద "సభ ప్రారంభానికి ముందు" అని ఉండేది.

వింతేమిటంటే దాన్ని జనం చదివారు. ఒంగోలు నుంచి, అనంతపురం నుంచి, కృష్ణ అవతల మిర్యాలగూడ నుంచి టెంటువాళ్ళు కామెంట్లు పెట్టడం మొదలెట్టారు. ప్రసంగం గురించి ఒక్కడూ మాట్లాడడు. ఎడమవైపు పరదా వదులుగా ఉందని ఒకడు, ఆ మూల గుంజ ఒరిగిందని ఇంకొకడు. అక్కడినుంచి శామియానా గుడ్డను ఎలుకలు కొట్టకుండా ఏంచేయాలి, తెల్ల కవర్ల మీద గోంగూర మరక ఎట్లా పోతుంది, పార్టీ సభలకు పంపిన కుర్చీలు తిరిగి రాబట్టుకోవడం ఎట్లా అని చర్చలు. ఒకడు గాలివానకు చిరిగిన టెంటు ఫొటో పెడితే, మొహం ఎరగనివాళ్ళు ఊరూరా ఓదార్చారు. ఈయన అందరికీ జవాబు రాస్తాడు. నడుస్తూనే రాస్తాడు కాబట్టి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడేవి.

నా కడుపుమంట నాది. ఇన్ని మహాసభలు జరుగుతుంటే, పక్కనే షాపున్న నాకు ఒక్క ఫ్లెక్సీ ఆర్డరు రాలేదు. ఫ్లెక్సీ లేకుండా మా జిల్లాలో పుట్టు వెంట్రుకలు కూడా తీయించరు. అంటే ఎవడి దగ్గరో చేయిస్తున్నాడన్నమాట. ఆ ద్రోహాన్ని తట్టుకోలేక, రొంపిచెర్లలో సభ అని ఆయన బయల్దేరిన రోజున బండి తీసి వెనకే వెళ్ళాను.

రొంపిచెర్లలో సభ లేదు. ఊరి బయట బస్ షెల్టర్లో మల్లికార్జున అన్న ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ బొటనవేలితో ఫోను నొక్కుతున్నాడు. చుట్టూ రెండు మేకలు తప్ప మనిషి లేడు.

"మీటింగేది అన్నా?" అన్నాను.

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడేరా. వందన సమర్పణ రాస్తన్నా."

అడగ్గా అడగ్గా కక్కాడు. ఏ మీటింగూ జరగలేదు, ఎప్పుడూ జరగలేదు. ఆ ఫొటోలన్నీ ఆయన ఇంకొకరికి అప్పగించిన పెళ్ళిళ్ళలో జనం రాకముందు తీసినవి.

"కొండమ్మ ఊరికే ఇస్తే తీసుకుంటదా? మొహాన కొట్టిద్ది. నాకు ఇబ్బందొచ్చింది, ఆదుకో అంటే మటుకు పరిగెత్తుకొచ్చిద్ది. ఇంకేం చెయ్యమంటావు?" అన్నాడు.

"మరి ఆ బ్లాగేంది?"

"మీటింగుందని చెప్పినాక మీటింగు జరగాలి గదరా. మన సంఘమోళ్ళకు పైఊళ్ళో మీటింగని చెప్తా, వాళ్ళెవరూ ఆ బ్లాగు తెరవరు. మీ వదిన అడిగితే చూపించేదానికి మొదలుపెట్టా. తర్వాత జనం చదవబట్టిరి." ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన మొహంలో కాస్త గర్వం కనిపించింది.

కొండమ్మ ఒక్కతే కాదట. పని లేక గోడౌన్ తాళం తీయనివాడు ఎవడుంటే ఆ రోజు వాడికి ఫోను. ఇన్నాళ్ళూ ఆయన్ను చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. రమాదేవి వదినకైనా చెప్పమన్నాను. ఆడవాళ్ళు కలిసినచోట మాట ఆగదు, కొండమ్మ చెవిన పడితే ఆమె ఆ సాయంత్రమే సామాను అమ్మేస్తుంది, వద్దంటే వద్దన్నాడు. ఇల్లు ఏమైపోయినా సరే, ఈ మాట బయటికి రాకూడదట.

మాఘం వెళ్ళిపోయింది. మీటింగులు మానలేదు గనక వదిన సామాను బేరం పెట్టడానికి మనుషుల్ని వెతుకుతోంది. సరిగ్గా అప్పుడు మిర్యాలగూడ ఇమాం సాహెబ్, బ్లాగుకు మొదటినుంచీ కామెంట్లు రాసే పెద్దాయన, ఒక కామెంటు పెట్టాడు. మూఢం కాబట్టి అందరం ఖాళీగా ఉన్నాం, ఈసారి మహాసభకు బస్సు వేసుకుని మేమూ వస్తున్నామని. దాని కింద ఒంగోలువాళ్ళు మేమూ అన్నారు, అనంతపురంవాళ్ళు రైలు టికెట్లు తీసేశామన్నారు. అన్న ఆ కామెంటు పెద్దగా చదువుతూ నడిచి నడిచి ఊరు దాటి రావిపాడు దాకా వెళ్ళిపోయాడట. వద్దంటే గుట్టు బయటపడుతుంది. రమ్మంటే నిజంగా సభ పెట్టాలి.

సత్తెనపల్లి రోడ్డులో పత్తి కట్టె పీకేసిన చేను ఒకటి మాట్లాడాం. ఎట్టకేలకు నాకు ఫ్లెక్సీ ఆర్డరు వచ్చింది. మనసు తీరా వేశాను. సభ రోజున పొద్దున బస్సు దిగిన పెద్దమనుషులు, టెంటువాళ్ళు ఎక్కడికెళ్ళినా చేసే పనే చేశారు, ముందు తలెత్తి పైకి చూశారు. పైన ఆకాశం ఉంది. గుంజ లేదు, గుడ్డ లేదు, కింద కుర్చీ లేదు. రెండు వెదురు బొంగుల మధ్య నా ఫ్లెక్సీ ఒక్కటే రెపరెపలాడుతోంది.

జరిగిందేమిటంటే, అధ్యక్షుడు తన సామానే దించుకుంటే స్వార్థం అనుకుంటారని మల్లికార్జున అన్న ఊరుకున్నాడు. అధ్యక్షుడి ఆర్డరు దగ్గర మన సామాను దించితే మర్యాద కాదని మిగతావాళ్ళంతా ఊరుకున్నారు. మా పల్నాడులో టెంట్ హౌస్ ఉన్న ప్రతివాడూ ఆ చేలో ఇస్త్రీ చొక్కాతో, ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు.

తప్పు తెలిశాక తలా ఒక ఫోనందుకుని సామాను పంపమని గోడౌన్లకు కేకలేశారు. ఈలోపు ఇమాం సాహెబ్ కళ్ళజోడు సర్దుకుని నెమ్మదిగా అడిగాడు. "అధ్యక్షా, తప్పుగా అనుకోకుండ్రి. ఈపూరు మహాసభకు ఎనిమిది వందల కుర్చీలేసినమని రాసిండ్రు గదా. ఈడ ఒక్క కుర్చీ లేదు. ఆ సభ నిజంగనే అయిందా?"

అందరూ అటు తిరిగారు. రమాదేవి వదిన వంటల దగ్గర్నుంచి వచ్చి నిలబడింది. కొండమ్మ సరిగ్గా ఇమాం సాహెబ్ పక్కనే ఉంది. "ఈపూరులో సభా? ఎప్పుడు?" అంది. ఇమాం సాహెబ్ ఫోను తీసి ఆ నివేదికను, తేదీతో సహా చదివి వినిపించాడు. ఆ రోజు తను ఎక్కడుందో కొండమ్మకు తెలుసు. మల్లికార్జున అన్న మీటింగుకు పోతూ అప్పగించిన పెళ్ళిలో ఉంది. తర్వాత ఇమాం సాహెబ్ దాని పక్కనున్న ఖాళీ కుర్చీల ఫొటో చూపించాడు. తన చేత్తో వేసుకున్న కుర్చీల్ని టెంటువాళ్ళు గుర్తుపట్టకుండా ఉంటారా?

ఆమె ఆ ఫొటోను చాలాసేపు చూసింది. తలెత్తి మల్లికార్జున అన్నను చూసింది. ఆయన నా ఎరుకలో మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. ఒక్క మాట అనేసి ఆమె వెళ్ళిపోతుందని, రేపు సామాను అమ్మేస్తుందని నాకు భయమేసింది.

"అయిందయ్యా" అంది కొండమ్మ. "మా ఊళ్ళో జరిగితే నాకు తెలవదా? ఆ కుర్చీలు నాయే. జనం చానా మంది వచ్చిరి. ఈ అన్న మాట్టాడతంటే నాకే ఏడుపొచ్చింది."

ఇమాం సాహెబ్ తృప్తిగా తలూపాడు. కొండమ్మ కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "ఉన్న మాట చెప్పుకోవాలిగా, ఒక లోటు మటుకు జరిగింది" అంది.

మల్లికార్జున అన్న నా భుజం పట్టుకున్నాడు.

"భోజనాల్లో పెరుగు చాల్లా. ఆఖరి బంతివోళ్ళు మజ్జిగ పోసుకు లేచిరి."

"అరెరె" అన్నారు ఒంగోలువాళ్ళు.

రమాదేవి వదిన ఒకసారి కొండమ్మను, ఒకసారి మొగుడిని చూసింది. తెలివైన మనిషి, ఆవిడకు ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. సామాను బేరం మాట మళ్ళీ ఆవిడ నోట నేను వినలేదు. అప్పటికి మాత్రం కొంగు నడుముకు దోపుకుని, "ఈసారి నేనుండగా ఆ మాట రానిస్తానా?" అంటూ కొండమ్మ చెయ్యి పట్టుకుని, పెరుగు కోసం ఊళ్ళోకి ఆటో మాట్లాడింది. ఆ రోజు ఆఖరి బంతి లేచాక కూడా రెండు క్యాన్ల పెరుగు మిగిలిపోయింది.