మామ బావి మీద కాలవ

పోయిన వారం మా కాలవలోకి నీళ్లొచ్చాయి. రిటైరైన ఇంజనీరునని నన్నూ పిలిచి, మెడలో దండ వేసి, గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి, కొత్త నీళ్లలోకి రవిక గుడ్డలు వదులుతున్నారు. వాళ్ల వెనక మా అత్త ఒట్టి చేతులతో నిలబడి ఉంది. దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమెకు నాలుగడుగుల అవతల, ఆ నీళ్ల కిందే, మా మామ బావి ఉంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తనకల్లు అవతల ఊరు. వానలు ముఖం చాటేసి వేరుశనగ మాడిపోయిన ఏళ్లలో కూడా ఆ బావి కింది చీనీ తోట, అదే బత్తాయి తోట, పచ్చగా ఉండేది. మామ చెట్లను మనుషుల్లాగే తిట్టేవాడు. కాపు తగ్గిన చెట్టు ముందు నిలబడి, "ఏమప్పా, తాగిన నీళ్లన్నీ యాడ పెట్టుకుంటాండావు?" అని నిలదీసేవాడు. మరుసటేడు అది విరగకాస్తే, తన తిట్ల మహిమేనని ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ కాలవ పని నా చేతికొచ్చింది. ఊరికి ఎగువన రాతి కొండ ఉంది. దాన్ని తొలిస్తే తప్ప ఇటు చుక్క నీరు రాదు. దానికేమో అనుమతులే రాలేదు. మామ ఊరి వైపు, ఆయన బావి మీదుగా కాలవ పోయే చోట, మెత్తటి ఎర్రమట్టి. సమావేశాల్లో ఎన్ని కిలోమీటర్లు తవ్వారని అడిగేవారే తప్ప, నీళ్లు పారతాయా అని అడిగినవాళ్లు లేరు. అందుకని సులువైన ముక్కలు ముందు తవ్వేసేవాళ్లం. ఏ ముక్క ముందో రాసి సంతకం పెట్టేది నేనే. మామ ఒక సంచి నిండా చీనీకాయలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"కాలవ వద్దనడంల్యాదురా. ఆ కొండ తెగేదాకా నా బావి ముక్క నిలుపు. కడాన తవ్వుకోండి."

ఒక్క కలంపోటుతో అయ్యే పని. నేను నవ్వి, "వచ్చే ఎండాకాలానికి నీళ్లొస్తాయి మామా, ఇంకా బావెందుకు?" అన్నాను.

"నువ్వు చెప్పినావంటే సరే" అని లేచాడు.

బావి పూడ్చేనాడు అత్త చివరి కడవ తోడి, బావి ఒరకు బొట్టు పెట్టింది. మామ ఆ కడవ నీళ్లు తీసుకెళ్లి మొదటి చెట్టు పాదులో పోశాడు. మూడేళ్లు ట్యాంకర్లతో తోటను కాపాడుకోవాలని చూశాడు. ఆ తర్వాత ఇటుక బట్టీ ట్రాక్టరొచ్చి ఎండిన చెట్ల మొద్దులు ఎత్తుకుపోయింది. చెట్లను అంతలేసి మాటలు తిట్టిన మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. ఎండు కాలవలో నడుచుకుంటూ సంతకు పోయి వచ్చి, "మీ కాలవ దావ బాగుండాదిరా, ఒక్క గుంతా ల్యాదు" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

మంచం పట్టాక చూడబోయాను. "నీళ్లు యాడికొచ్చినాయిరా?" అన్నాడు. "కొండ దాటాయి మామా" అన్నాను. అప్పటికి ఆ కొండ మీద గునపం కూడా పడలేదు. మామ అత్త వైపు తిరిగి, "అట్లయితే చీనీ మొక్కలకు గుంతలు తవ్వించు" అన్నాడు. ఆ నెలలోనే పోయాడు.

పోయిన వారం నీళ్లొచ్చిననాడు గట్టు దిగి అత్త దగ్గరికి వెళ్లాను. "మామ మంచాన ఉన్నరోజు అబద్ధం చెప్పాను అత్తా. ఆ బావి పూడ్పించిందీ నేనే" అన్నాను.

అత్త నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. "తెలుసప్పా. కొండకాడ మేకలు తోలేటోళ్లు చెప్తానే ఉండ్రి. ఆయప్పకూ తెలుసు. నీ నోట ఒక్కసారి నిజం విందామని అడిగినాడు."

బావి పూడ్చాక, కొండ దాటి రావడానికి నీళ్లకు పదిహేనేళ్లు పట్టింది. ఆ ఒక్క మాట నా నోరు దాటడానికీ అన్నేళ్లే పట్టింది. రెండూ మామ పోయాకే వచ్చాయి.